అడుగున తినే చేప

నా చిన్నప్పుడు నాకున్నంత కుళ్ళు కొల్లేరు మొత్తం గాలించినా దొరికేది కాదు. ఆ కుళ్ళంతా మా అక్క మీదే. సొంత అక్క కాదు, మా పెద్దనాన్నగారి అమ్మాయి, నాకంటే ఏడాది పెద్దది. ఉమ్మడి కుటుంబం, కొల్లేటికోట దగ్గర ఒకే ఇల్లు, ఒకే బడి. అక్క పాడితే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. నేను పాడితే మా అమ్మే "కాసేపు చదువుకోవే" అనేది. అయినా నేను మానితేనా! అక్క ఏ పాట ఎత్తుకుంటే నేనూ అదే పాట, ఇంకాస్త గట్టిగా. గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో ప్రార్థన పాటకి ఒక్క పిల్లని ఎంపిక చేస్తామన్నారు. ఆ ఒక్కర్తినీ నేనే కావాలని నేను మొక్కని దేవుడు లేడు. అక్కకి జలుబు చెయ్యాలని కూడా మొక్కాను. ఆ మొక్కు ఏ దేవుడూ పట్టించుకోలేదు.

మా పెద్దనాన్న ఊళ్ళో అందరిలాగే కొత్తగా చేపల చెరువు తవ్వించారు. గట్టు పక్కన రెండు చిన్న గుంటలు మిగిలితే, వానలు పడ్డాక మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, మీకు నచ్చిన పిల్లచేపలు వేసుకోండర్రా అన్నారు. అక్క ఆయన చెప్పినట్టే బొచ్చె, శీలావతి, మోసు మూడూ కలిపి వేసింది. నేను మాత్రం ఒక్క బొచ్చెలే కావాలన్నాను. చేపల్లోకెల్లా పెద్దది అదే కదా, వల లాగి చేపలు పట్టే రోజున అందరూ నోరెళ్ళబెట్టి చూసేది దాన్నే. ఆయన మీసం దువ్వుకుని, "సరేనమ్మా, నీ ఇష్టం" అన్నారు. అందులో ఏదో కిటుకుందని నాకు తోచనే లేదు.

మా వైపు చేపలకి మేత చేత్తో చల్లరు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి సంచిలో నింపి, సంచికి చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన కర్రకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. రెండు గుంటలకీ ఆయనే స్వయంగా కట్టేవారు. నా గుంటలో సంచి కట్టగానే పైన అంతా మూతులే మూతులు, ఒకటే తొక్కిసలాట. అక్క గుంట నిమ్మళంగా ఉండేది. చూశావా నా చేపల ఊపు అని నేను దానిముందు తెగ మిడిసిపడ్డాను.

ఎండలు మొదలయ్యాక వల లాగారు. సరిగ్గా ఆ వారమే ప్రార్థన పాటకి అక్కని ఎంపిక చేశారు. అక్క గుంటలో చేపలు మూడు రకాలూ ఒళ్ళు చేసి నిగనిగలాడుతున్నాయి. నావి చూద్దునా, ఇంత పెద్ద తలకాయ, దాని వెనక సన్నటి ఒళ్ళు. వల లాగినవాళ్ళు నవ్వారు. నేను గట్టు మీద కూలబడి, "అక్క గుంటకే ఎక్కువ మేత కట్టారు మీరు! దానికి పాటా ఇచ్చారు, చేపలూ ఇచ్చారు!" అని ఊరంతా వినేలా ఏడ్చాను.

పెద్దనాన్న కసరలేదు. ఇద్దరికీ సమానంగానే కట్టానని చెప్పి, అక్క గుంటలోని మూడు రకాల్నీ తడి గోనె మీద పక్కపక్కన పెట్టి వాటి మూతులు చూడమన్నారు. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంది, అది పైనీళ్ళలో తింటుంది. శీలావతి నడుమ తింటుంది. మోసు మూతి కిందికి ఉంది, అది అడుగున బురదలో వెతుక్కుంటుంది. నా గుంటలో అన్నీ పైనే పడి తోసుకున్నాయి, నడుమా అడుగూ ఖాళీ. "మీ అక్క తినే చోటే నువ్వూ మూతి పెడతానంటే ఎలాగమ్మా?" అన్నారు.

బుద్ధి రావాలి కదా? రాలేదు. ఇంకా ఒళ్ళు మండింది. "అంటే అక్క పైనా, నేను బురదలోనా?" అన్నాను. ఆయన పాపం నిజంగానే ఇబ్బంది పడ్డారు. ఆ కోపంలోనే ముక్కు తుడుచుకుని, మోసుని చేతిలోకి తీసుకుని, దీని మూతి ఇలా ఉందని అడుగున తింటుందా, అడుగున తినీ తినీ మూతి ఇలా అయిందా చెప్పండి అని దబాయించాను. ఆయన ఆ చేపని నా చేతిలోంచి తీసుకుని దాని మూతిని అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకు తెలీదమ్మా. ఇన్నాళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. చదువుకుని నువ్వే నాకు చెప్పాలి" అన్నారు.

ఊళ్ళో అందరికీ అన్నీ చెప్పే మనిషి ఆయన. అక్కతో ఎన్నడూ అనని మాట నాతో అన్నారు. వార్షికోత్సవం రోజున అక్క పాడుతుంటే కుళ్ళుకున్నాను, కాకపోతే మొదటిసారి నోరు మూసుకుని కుళ్ళుకున్నాను.

తర్వాత జువాలజీ చదివాను, తాడేపల్లిగూడెంలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కాలేజీలో ఉండగానే ఒక సెలవుల్లో వచ్చి ఆయనకి జవాబు చెప్పాను. మూతి కాస్త కిందికున్న వాటికి అడుగున తిండి దొరికింది, అవి బతికి పిల్లల్ని పెట్టాయి, అలా తరాల మీద తరాలు గడిచాయి అన్నాను. శ్రద్ధగా విని, ఎంతకాలం పట్టిందమ్మా అని అడిగారు. లక్షల ఏళ్ళండీ అన్నాను. "అయితే నీ కుళ్ళు పోవడానికి ఇంకా బోలెడు టైముంది" అని పకపకా నవ్వారు.

నిజమే, పోలేదు. ఈమధ్య కొల్లేరు మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి ఏలూరులో కలిసింది. సీసాడు నీళ్ళు ముంచి, చేపలు అందులో వదిలిన డీఎన్ఏ ఆనవాళ్ళని బట్టి అక్కడ ఏయే జాతులున్నాయో చెప్పేస్తుందిట. వలా లేదు, గాలమూ లేదు! నేను జన్మంతా మోకాల్లోతు నీళ్ళలో నిలబడి పోల్చుకున్న వాటిని ఆ పిల్ల సీసాలో పట్టేస్తోందే అని ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ అమ్మాయికే ఫోన్ చేసి, "నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉందమ్మా" అని ఉన్నమాట చెప్పేశాను. ఆ అమ్మాయి నవ్వేసి, "అయితే మీరూ పడవలోకి రండి మేడం" అంది.

వెళ్ళాను. ఆ అమ్మాయి ముందు కూర్చుని పైనీళ్ళు సీసాలకి ఎత్తుకుంటూ ఉంది. నేను వెనక కూర్చుని, అడుగు బురద తీయించి, జల్లెడలో కడిగి, నత్తలూ పురుగులూ ఏరుకుంటూ ఉండిపోయాను. ఎండ నడినెత్తికి వచ్చిందని పడవ మనిషి చెప్పేదాకా తెలీలేదు. ఆ పూటంతా నాకు ఎవరి మీదా కుళ్ళు కలగలేదు. మర్నాడు మళ్ళీ కలిగిందనుకోండి. కలిగినప్పుడల్లా నేను చేసేది ఒకటే, పైన తోసుకోవడం మానేసి అడుగుకి దిగుతాను. అక్కడ నాకు తిండికి కొదవ లేదు.