దులపని విభూతి

మారండహళ్ళి దగ్గర మా ఊరి బండ మీద కార్తీక దీపం పెట్టే హక్కు మా ఇంటిది. అంటే మా తాత కేశవన్‌ది. ఆ హక్కు కాక ఆయనకున్న పని ఒక్కటే, టమాటా తోటలో ఎవరేం చేసినా తప్పని చెప్పడం. పోయిన ఏడు సగం బండ ఎక్కి, చేతులు జారి, కూలబడి, కూర్చున్నట్టే కిందికి వచ్చాడు. పంచె వెనకంతా చిరిగింది. ఆ రోజు మా ఊరి కుర్రాడు తమిళ్‌సెల్వన్ ఎక్కి దీపం పెట్టాడు. ఈ ఏడూ జారితే హక్కు అతనికే అని ఊరు తేల్చేసింది.

తాత అరచేతులకు చెమట ఎక్కువ. దానికి ఆయన కనిపెట్టిన మందు విభూతి. గోడకు సున్నం కొట్టినట్టు పూస్తాడు.

ఆదివారాల్లో బెంగళూరు కుర్రాళ్ళు సరదాకి ఆ బండ ఎక్కుతారు. నడుముకు తెల్లపొడి సంచి ఉంటుంది. చేయి ముంచి, చప్పట్లు కొట్టి దులిపి, అప్పుడు రాయి పట్టుకుంటారు. పొడి పని చెమట పీల్చడమేనట. ఎక్కువైతే చేతికీ రాతికీ మధ్య అదే జారుతుందట. ఇంటికొచ్చి తాతకు చెప్పాను.

"దులిపేదానికి పూసేదెందుకురా? పిచ్చోళ్ళు!"

"నువ్వూ దులుపు తాతా."

"సామి విభూతిని దులిపేదా? కండ్లు పోతాయి!"

"పోయినేడు పంచె పోయింది, ఈ ఏడు నడుము పోతాది," అంది అవ్వ సౌభాగ్యం. "కండ్లొకటే మిగిలేది."

కార్తీక సాయంత్రం దీపం కుండ వీపున కట్టుకుని తాత ఎక్కాడు. కింద తమిళ్‌సెల్వన్ అప్పటికే పంచె ఎగగట్టి నిలబడ్డాడు. పోయినేటి చోటికి రాగానే తాత చేతులు జారసాగాయి. జారేకొద్దీ మొలలోని పొట్లంలోంచి ఇంకా తీసి పూస్తున్నాడు! ఇంత తెలివి మా వంశంలో ఇంకెవరికీ రాకూడదు.

దులపమంటే చస్తే దులపడు.

"తాతా! విభూతి చేతికా పెట్టేది? నొసట పెట్టుకో!" అని అరిచాను.

ఆగాడు. ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో అరచేతిని నొసటికి, బట్టతలకు, రొమ్ముకు రుద్దాడు. తర్వాత చేయి మార్చాడు. అరచేతుల్లో పల్చటి పూతే మిగిలింది. పట్టు దొరికింది. కాసేపటికి పైన దీపం వెలిగింది.

దిగొచ్చిన ఆ తెల్ల దయ్యాన్ని చూసి చిన్నపిల్లలు ఏడ్చారు. తమిళ్‌సెల్వన్ పంచె దించుకుని, కిటుకేమిటని అడిగాడు.

"విభూతి చేతిలో ఉంటే జారుతాది తంబీ. ఒంటికి రాసుకోవల్ల. మా తాతలనాటి పద్ధతి ఇది," అన్నాడు మా తాత, నా వైపు చూడకుండా.

ఇంటికి పోతూ మాత్రం నా భుజం పట్టుకున్నాడు. నా నల్ల చొక్కా మీద ముసలాడి ఐదు వేళ్ళూ తెల్లగా దిగాయి. ఉతికేదెవరని అవ్వ నన్నే తిట్టింది.