బావ అంటించిన గరుకు కాగితం

మా తమ్ముడు రేసు కారు నడుపుతుంటే చూసి తీరాలి. నిలకడగా నడిపితే చూద్దామని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. ఒక ఆదివారం అందరికంటే ముందొస్తాడు, తర్వాతి రేసులో గోడకు గుద్దుతాడు. పత్రికలవాళ్లు వాణ్ణి "అద్భుత ప్రతిభ" అంటారు. ఆ ప్రతిభ విరగ్గొట్టిన సామాను మళ్లీ బిగించినవాడు మా ఆయన. అదే జట్టులో, అదే కారుకు బ్రేకుల మెకానిక్‌గా ఉండేవాడు.

ఆయన గురించి ఎవరూ రాయరు కనుక నేనే చెప్పాలి. చేతులు ఎంత తోమినా వేళ్ల గీతల్లో నలుపు పోదు. ఇంటి ముందున్న నా కుట్టు మిషన్ల కొట్లోకి వస్తే, తెల్లబట్టకు ఎక్కడ అంటుతుందోనని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. మాటలు పొదుపు. కోపం వస్తే నోరు తెరవడు, స్పానర్లు తెచ్చుకుని తుడుస్తాడు. నాలాంటి దాన్ని కట్టుకున్నందుకు మా ఇంట్లో స్పానర్లు ఎప్పుడూ తళతళలాడుతూనే ఉంటాయి.

రేసు మధ్యలో ప్రమాదం జరిగితే కార్లన్నీ సేఫ్టీ కారు వెనక మెల్లగా వెళ్లాలి. అప్పుడు టైర్లు చల్లారకుండా స్టీరింగు మీది నాబ్ తిప్పి, బ్రేకు బలమంతా ముందు చక్రాలకు ఇస్తారు. రేసు మళ్లీ మొదలయ్యేలోపు వెనక్కి తిప్పేయాలి. లేకపోతే మొదటి మలుపులోనే ముందు చక్రాలు బిగుసుకుపోయి, కారు తిన్నగా గోడలోకి పోతుంది. మా తమ్ముడికి అదే మతిమరుపు. అందుకని మా ఆయన ఆ నాబ్ మీద గరుకు కాగితం ముక్క అంటించాడు, వేలికి తగిలైనా గుర్తొస్తుందని.

పోయినేడాది చివరి రేసుకు ముందు జట్టు ఓనరు మా తమ్ముడికి తేల్చి చెప్పాడు, ఇంకొక్క తప్పు చేస్తే డ్రైవరు సీటు పోతుందని. ఆ రోజు వానలో మా వాడు ఒక్కొక్కరినీ దాటి ముందుకొచ్చాడు. నేను కొట్లో కత్తెర పక్కన పడేసి టీవీకి అతుక్కుపోయాను. తర్వాత సేఫ్టీ కారు వచ్చింది. అది పక్కకు తప్పుకున్నాక మొదటి మలుపులో మా వాడు తిన్నగా గోడలోకి పోయాడు.

"బ్రేకులు పోయాయి!" అని రేడియోలో అరిచాడు. లోకమంతా విన్నది.

నాబ్ తిప్పలేదన్నది జట్టు కంప్యూటర్లలో కనిపిస్తూనే ఉంది. కానీ వాడి ముఖం చూసి డబ్బు పెట్టిన కంపెనీలకు కంప్యూటరు ఎవరు చూపిస్తారు? సాయంత్రానికి వాడు మా ఇంట్లో ఉన్నాడు.

"అక్కా, బిగించడంలో తేడా వచ్చిందని బావ ఒక్క మాట ఒప్పుకుంటే చాలు. ఓనరు కూడా అదే అంటున్నాడు."

"నీ తప్పు ఆయన నెత్తిన రుద్దుతావేంట్రా?"

"బావకి ఎక్కడైనా పని దొరుకుతుంది. నాకు ఇంకో సీటు దొరకదక్కా."

"దొరక్కపోతే బస్సు నడుపుకో!"

మా ఆయన స్పానర్ల జోలికి పోలేదు. "పోనీలేవే," అన్నాడు. "వాడికి ఇంకో పని రాదు."

"మీకు మాత్రం ఏం వచ్చు?" అని అరిచాను.

ఆయన ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. బ్రేకులు బిగించడం రానివాడని పేరొచ్చాక ఏ జట్టూ గడప తొక్కనివ్వలేదు. బస్సు నడుపుకోమన్నది తమ్ముణ్ణి, బస్సు డిపోలో చేరింది మా ఆయన.

ఈ ఏడాది మొదటి రేసు ఇద్దరం కొట్లో కూర్చుని చూశాం. మళ్లీ సేఫ్టీ కారు వచ్చింది. మా ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. "తిప్పరా, వెనక్కి తిప్పు," అంటూ గాల్లో వేళ్లు తిప్పుతున్నాడు. టీవీలో స్టీరింగు దగ్గరగా కనిపించింది. కాగితం ముక్క ఇంకా నాబ్ మీదే ఉంది, అంచు కాస్త లేచింది. వాడి వేలు దానికి తగిలి ఆగింది. తిప్పాడు, గెలిచాడు.

మైకు ముందు నవ్వుతూ చెప్పాడు: "పోయినేడాది నాకు బ్రేకుల మీద నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు మంచి మెకానిక్ దొరికాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం, "కాగితం అంచు లేచింది, కొత్తది అంటించమని చెప్పాలి," అన్నాడు. ఆ క్షణంలో తమ్ముడి కంటే ఈయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మీరే చెప్పండి."

ఆయన ఫోను కాసేపు చూసి మిషను మీద పెట్టేశాడు. లోపలికెళ్లి స్పానర్లు తెచ్చుకున్నాడు.