హెల్వె ఏరిన ముళ్ళు

మా దీవిలోని కురెస్సారె రేవు దగ్గరి హోటల్లో హెల్వె వడ్డిస్తుంటే చూడాలనిపించేది. ఎడమ ముంజేతి మీద మూడు పళ్ళాలు, చెవి వెనక పెన్సిలు. నోట అనవసరపు మాట ఒక్కటి వచ్చేది కాదు. వేసవిలో పడవ దిగిన జనం గుమ్మం బయట బారులు తీరినా ఆమె నడక వేగం మారేది కాదు.

ముసలి ఆర్వో, భార్య లెయిదా ప్రతి బుధవారం అక్కడే వేయించిన చేప తినేవారు. అతనికి చూపు ఆనదు. ముళ్ళు లెయిదాయే ఏరిపెట్టేది. ఆమె పోయాక ఓ జూలై మధ్యాహ్నం అతనొక్కడే వచ్చాడు.

"ఇవాళ సూపు చాలమ్మా," అన్నాడు.

మా దీవిలో పరామర్శలు తక్కువ. హెల్వె ఏమీ రాసుకోలేదు. సోయికూర చల్లిన బంగాళాదుంపలతో చేపే తెచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని, ముళ్ళు ఏరసాగింది. అవతలి బల్ల దగ్గర ఎవరో విసుగ్గా పిలిచారు.

"చేపలో ముళ్ళున్నాయండీ, కాస్త ఆగండి," అంది తలెత్తకుండా.

"లెయిదా ఇంత నెమ్మది కాదు," అని సణిగాడు ఆర్వో.

"ఆవిడకు మీరొక్కరేగా! నాకు పదకొండు బల్లలు. తినండి, చల్లారిపోతోంది."

ముసలాయన ఫోర్కు అందుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా హెల్వె లేవలేదు.