నా వైపు తలుపు

పుంగనూరులో బస్సు తప్పి, మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తీసుకుపోతున్న పాత ఫోర్‌వీల్ పికప్ ఎక్కాను. నా వైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదని కొండ దిగుడు మొదలయ్యాక తెలిసింది. భయంతో పిడి లాగుతూనే ఉన్నాను.

డ్రైవరు పెద్దాయన సూటిగా రోడ్డే చూస్తున్నాడు. “ముందర చక్రాలకు కొత్తగా డిస్కు బ్రేకులు ఏయించినానప్పా. పాత డ్రమ్ము బ్రేకులు కాగిపోయి, ఈడనే పట్టకపాయె. నీ సీట్లో మా ఆమె ఉండె.”

నాకు ఒళ్ళు మండింది. “మరి తలుపు యాల బాగు చేయించలేదు?”

“ఆ పొద్దు అది తెరుచుకునింటే ఇద్దరమూ దూకేసింటిమి. కింద సంత నిండా జనం, బండి పోయి వాళ్ళ మింద పడుండు. ఆమెను ఇడిసి నేనెట్ల దూకేది? గేర్లేసి, బండిని గట్టుకు రాపిడి పెట్టి ఆపితి.”

మదనపల్లెలో ఆయనే దిగొచ్చి బయటినుంచి తలుపు తీశాడు. అంతదాకా నేను మళ్ళీ పిడి ముట్టుకోలేదు.