జిప్సం గోడ కట్టిన వేలూరు మేస్త్రీ

రేణిగుంటలో మేముండే ఇంటికి హాలు పెద్దది, గదులు తక్కువ. మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడాది హాల్లో ఒక మూలకు అడ్డం కట్టి, తనకు చదువుకునే గది చేయాలనుకున్నాం. మేడ మీద ఇటుక గోడ బరువవుతుందని ఇంజనీరు చెప్పడంతో జిప్సం బోర్డు పెట్టించాలని నేను తేల్చాను. పెట్టించడం ఎందుకు, నేనే పెడతానని మా ఆయన తేల్చాడు.

ఆయన ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇతరులు చేసే పనిని చూస్తూ నిలబడడమే ఉద్యోగం. ఇన్నేళ్లు నిలబడి చూశాడు కాబట్టి ప్రపంచంలో ఏ పనైనా తనకు వచ్చేసినట్టేనని ఆయన నమ్మకం. ఫోన్లో నాలుగు వీడియోలు చూశాక అది మరీ ముదిరింది.

"మేస్త్రీ ఏం చేస్తాడు? ఇనప చానళ్లు నిలబెడతాడు, వాటికి బోర్డు బిగిస్తాడు, లప్పం పూస్తాడు. ఆ మాత్రం దానికి ఒకర్ని బతిమాలాల్నా?" అన్నాడు.

రెండు ఆదివారాల్లో గోడ లేచింది. బోర్డు మీది కాగితం చిరిగి లోపలి పిండి రాలేదాకా స్క్రూలు తిప్పాడు. అతుకుల మీద టేపు వేయాలంట కదా అంటే, "అదంతా సామాన్లు అమ్ముకునేదానికి చెప్తారు" అన్నాడు. సందు కనిపిస్తే బాగుండదని బోర్డు అడుగును నేలకు ఆనించేశాడు. ఆయన లప్పాన్ని ఉప్పు కాగితంతో రుద్దిన దుమ్ము నా పోపుల డబ్బాలోకి కూడా వచ్చింది. చివరికి గోడ పక్కన నిలబడి ఫోటో దిగి చుట్టాలందరికీ పంపాడు. మెచ్చుకుంటూ ఎవరేం పంపారో ఒక్కొక్కటే నాకు చదివి వినిపించాడు.

నెల తిరక్కుండానే అతుకుల వెంబడి నెర్రెలు వచ్చాయి. ఆయన వాటి మీద క్యాలెండరు తగిలించాడు. నేను శుక్రవారం శుక్రవారం ఇల్లు కడుగుతాను. నేలకానిన బోర్డు ఆ నీళ్లన్నీ తాగి, టీలో నానిన బిస్కెట్టులా అయింది. ఒక సాయంత్రం అమ్మాయి చదువు ముగించి కుర్చీ వెనక్కి నెట్టింది. కుర్చీ కాళ్లు గోడలోంచి హాల్లోకి వచ్చాయి.

ఇక తప్పక మేస్త్రీని పిలిపించాం. పలమనేరు నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడిన ముస్లిం ఆయన. గొంతుక్కూర్చుని బోర్డు అంచును వేళ్లతో నలిపి చూశాడు.

"ఎవురు సార్ ఈ పని చేసినాడు?"

మా ఆయన తడుముకోలేదు. "యాడోడో అప్పా. వేలూరు నుంచి వచ్చినాడు. పనోడే అనుకున్న్యాం."

నేను వంటింటి గడపలో ఉన్నాను. ఎంతదూరం పోతాడో చూద్దామని అక్కడే నిలబడ్డాను.

చాలా దూరం పోయాడు. మేస్త్రీ బోర్డు ఊడదీస్తూ తిడుతుంటే, ఈయన వంత పాడాడు.

"స్క్రూ ఇంత లోపలికి దించుతాడా ఎవుడన్నా? గొడ్డలి దెబ్బ మాదిరి ఉండాది."

"నేనప్పుడే చెప్పినా అప్పా, వింటేనా!"

"టేపు యాడ సార్?"

"అడిగితే అక్కర్లేదనేసినాడు."

మధ్యాహ్నానికి ఆ వేలూరు మనిషికి గుబురు మీసాలు వచ్చాయి, పొద్దున్నే తాగే అలవాటూ వచ్చింది. ఆ పూటంతా నేను మేస్త్రీకి రెండుసార్లు టీ పెట్టిచ్చాను, అలసిపోకుండా తిడతాడని. నా బుద్ధి కూడా ఏమంత గొప్పది కాదు.

అప్పుడు మేస్త్రీ పని ఆపి ఫోన్ తీశాడు. "మా మామది వేలూరే సార్. ఆడ ఈ పని చేసేవాళ్లంతా ఆయనకి ఎరికే. పేరు చెప్పండి, కనుక్కుంటా. ఇట్లాటోడి వల్లనే మా అందరికీ చెడ్డపేరు."

మా ఆయన ముఖం లప్పం పూసినట్టయింది. "పేరు గెవనం రాలేదబ్బా," అన్నాడు.

"మీసాలు పెద్దవన్నారు గదా, అది చెప్తే చాలు," అంటూ మేస్త్రీ నెంబరు నొక్కసాగాడు.

ఇక చూస్తూ ఊరుకుంటే, వేలూరులో ఏ మీసాలాయన మీదికో పోతుంది. "ఫోన్ పెట్టేయన్నా," అన్నాను. "వేలూరూ లేదు, మీసాలూ లేవు. ఆ పనోడు ఈయనే."

మేస్త్రీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పొద్దుటి నుంచి తాను తిట్టిన తిట్లన్నీ లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు తల దించుకున్నాడు. తర్వాత నిలువు చానళ్లను చేత్తో తట్టి, "ఇవి మాత్రం సరిగ్గానే నిలబెట్టినారు సార్. రండి, టేపు పట్టుకోండి," అన్నాడు.

ఆ సాయంత్రమంతా మా ఆయన టేపు పట్టుకున్నాడు. కొత్త బోర్డులు నేలకు అర అంగుళం పైన నిలిచాయి. మూడు రోజుల్లో మూడు పూతలు ఆరాయి. ఆ గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మొన్న చిత్తూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, వాళ్లింట్లోనూ అట్లాంటి గది కావాలంది. "మేస్త్రీ ఎందుకు? ఆదివారం నేనొస్తాలే," అంటున్నాడు ఈయన, రవ్వంత సిగ్గు లేకుండా. ఆయన మాట ముగిసేలోపే నా ఫోన్లోంచి మేస్త్రీ నెంబరు ఆమెకు పంపేశాను.