పొలం గొంతు

నా చిన్నప్పుడు నా గొంతు నాకు తప్ప అందరికీ ఇబ్బందిగానే ఉండేది. వినుకొండ అవతల మా ఊళ్ళో మా నాన్న చర్చి బడిలో టీచరు. పొలం పనికి పోకుండా నెల జీతం తెచ్చిన మొదటి మనిషి మా ఇంట్లో ఆయనే. అందుకని ఆయనకి మా మాట, మా నడక, మా నవ్వు అన్నీ మెత్తగా ఉండాలి. నేను నవ్వితే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. ఏం చేయను, మా నాయనమ్మ గొంతు నాకొచ్చింది. ఆమె పత్తి తీతకి వెళ్ళే కూలీ. చేలో పాట ఎత్తేది ఆమే.

ఎనభైల నడుమ, నాకు పదకొండేళ్ళప్పుడు, పాస్టరమ్మ గారు మాకు క్రిస్మస్ పాటలు నేర్పారు. పట్నం నుంచి వచ్చిన మనిషి, హార్మోనియం చక్కగా వాయించేది, మనసు చెడ్డది కూడా కాదు. చరణాలన్నీ అందరికంటే ముందు నాకే వచ్చేశాయి. ఆవిడ రెండు రోజులు ఓపికపట్టి, మూడో రోజు నన్ను పక్కకి పిలిచి, "నీది పొలం గొంతమ్మా. వరసలో నిలబడి పెదాలు కదుపు, చాలు" అంది. నాన్న అక్కడే ఉన్నాడు. నా తరఫున ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. "అలాగేనండి, నేను చెబుతాను" అన్నాడు. ఆవిడ మీద కంటే ఆ "అలాగేనండి" మీదే నాకు ఎక్కువ మండింది. ఇప్పటికీ చల్లారలేదు. పోయిన మనిషి మీద ఇంకా కోపమేమిటే అని మా చెల్లి తిడుతూనే ఉంటుంది.

ఆ పూట అన్నం మానేశాను. నాయనమ్మ బతిమాలలేదు. మర్నాడు బడి లేదు. మంచు ఆరగానే నన్ను చేలోకి లాక్కుపోయి, తీసిన పత్తి వేసుకోడానికి పాత చీర ముక్కతో నా నడుముకి ఒడి కట్టింది. పన్నెండు మంది ఆడవాళ్ళు తలా ఒక సాలు పట్టుకుని పక్కపక్కన కదులుతారు. ఒకరు పాట ఎత్తుతారు, మిగతావాళ్ళు అందుకుంటారు, అందరి చేతులూ ఆ పాట నడకకే ఆడతాయి. "నాకు గొంతు పట్టేసిందర్రా, ఇవాళ పిల్ల ఎత్తుతుంది" అంది నాయనమ్మ. అది అబద్ధమని నాకు తప్ప అందరికీ తెలుసు.

ఎత్తాను. వద్దన్న గొంతు ఎంతుందో చూడండి అన్న కసి తప్ప నాలో ఇంకేమీ లేదు. పాట పరుగెత్తింది, వెంట చేతులూ పరుగెత్తాయి. పత్తి గుల్లల మొనలు వేళ్ళకి గుచ్చుకుంటున్నా నాకు పట్టలేదు. గట్టు మీద నుంచి ఆసామి, "భలే పిల్లని తెచ్చారే, రోజూ తీసుకురండి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా గొంతుని మెచ్చుకున్న మొదటి మనిషి. పొంగిపోయాను.

అన్నాల వేళ అందరూ నాకు దూరంగా జరిగి కూర్చున్నారు. చివరికి ఒక అత్త సద్దిమూట విప్పుతూ అంది: "ఏమ్మా పాటలామె, రేపు కూడా పొద్దెక్కేసరికి ఇంత తీయమంటాడు ఆసామి. ఎత్తడానికి నువ్వొస్తావా, మీ నాన్నని పంపిస్తావా?" అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వకుండా, చివరి సాలు వైపు గడ్డంతో చూపించింది. ఏడో నెల కడుపుతో ఉన్న మా పక్కింటి అక్క ఇంకా సాలు మధ్యలోనే ఉంది. వెనకబడ్డానన్న మాట రాకూడదని తిండికి కూడా లేవలేదు. "పాట ఎత్తేదాని చెవి చివరి మనిషి దగ్గరుండాలే. అంత గొంతు నీకు ఆసామికి వినిపించడానికా ఇచ్చాడు దేవుడు?" అంది నాయనమ్మ.

అన్నాలయ్యాక నన్ను ఆ అక్క పక్క సాల్లో నిలబెట్టింది. అక్క చెయ్యి ఎంత నడిస్తే పాట అంతే నడవాలి. అవతలి కొసన ఉన్న మనిషికి వినిపించాలి కూడా. నిదానంగా పాడుతూ గొంతు తగ్గకుండా ఉండటం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. హార్మోనియం పక్కన నిలబడే సన్న గొంతుల వల్ల అయ్యే పని కాదది. సాయంత్రం అక్క మాతో పాటే గట్టెక్కింది.

ఇక్కడ ఆపేస్తే నాకు గౌరవంగా ఉంటుంది. కానీ క్రిస్మస్ నాడు నేను చేసింది కూడా చెప్పాలి. కొత్త గౌను వేసుకుని పిల్లల వరసలో నిలబడ్డాను. చేలో ఆడవాళ్ళంతా వంటలు ముగించుకుని ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర చాపల మీద కూర్చున్నారు. హార్మోనియం వేగంగా పోతోంది, పిల్లల పాట సగం హాలు కూడా దాటడం లేదు. వెనకవాళ్ళు అందుకోబోయి, అందక, ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. పక్కింటి అక్క నా వైపు చూసింది, ఎత్తవే అన్నట్టు. నాన్న కూడా చూశాడు, వద్దన్నట్టు. నేను పెదాలు కదిపాను. పాట అయ్యేదాకా పెదాలే కదిపాను. బయటికొచ్చాక అక్క, "ఏమే, జలుబు చేసిందా?" అని అడిగింది. అవునన్నాను. నాయనమ్మ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్నేమో.

తర్వాత గుంటూరులో డిగ్రీ చదివాను. హాస్టల్లో, ఉద్యోగంలో, అత్తారింట్లో "గొంతు తగ్గించు" అన్న ప్రతివాళ్ళ మీదా విరుచుకుపడ్డాను. గయ్యాళి అన్నారు, అననీ. పాపం, వాళ్ళలో సగం మందికి అంత దెబ్బ న్యాయం కాదు. ఆ కోపం గౌను వేసుకుని నోరు మూసుకున్న పిల్ల మీదిది.

ఇప్పుడు మా చర్చిలో కీబోర్డూ మైకులూ వచ్చాయి. నేను తలుపు దగ్గరే కూర్చుంటాను. పక్కన ఏ ముసలమ్మకైనా పాట అందకపోతే ఆమె నడకకి దిగి గొంతెత్తుతాను. మొన్న పాట మధ్యలో మైకులో పాడే అమ్మాయి వచ్చి, "ఆంటీ, కొంచెం మాతో కలిసి పాడండి" అంది. "మీరే వచ్చి ఈమెతో కలవండమ్మా" అన్నాను, పక్కనున్న ముసలమ్మని చూపించి. మొహం ముడుచుకుని వెళ్ళింది. తర్వాతి చరణం కాస్త నిదానించింది. ఆ పై చరణానికి మళ్ళీ పరుగే. నేను మళ్ళీ ఎత్తాను.