వెనక ఇరుసు మీద బరువు

మేము ట్రైలర్ ముందు కొన్నాం. దాన్ని లాగే ట్రక్కు గురించి ఆ తరవాత ఆలోచించాం. ఈ మాట చెబితే బళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ ఏడు వసంతంలో మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. పద్నాలుగేళ్ళు ఎదురు చూసిన కార్డు. పిస్కాటవేలో రెండేళ్ళు, జెర్సీ సిటీలో మూడేళ్ళు, ఆ పైన టెక్సస్‌కి వచ్చి కాపెల్‌లో తొమ్మిదేళ్ళు. ఎక్కడున్నా ఉద్యోగం మారాలంటే భయం, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనని భయం. కార్డు చేతికందిన రోజు మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నేను ఏడ్చాను. వారం తిరిగేసరికి నాకు ఇంట్లో కాలు నిలవడం మానేసింది. అమ్మాయి అప్పటికే ఆస్టిన్‌లో కాలేజీలో ఉంది. నా ఉద్యోగం ఇంటి నుంచే. మీటింగ్ నడుస్తుండగా మ్యూట్ నొక్కి హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. వాళ్ళు నా పేరు పిలిచినప్పుడు వంటింట్లో ఉండేదాన్ని.

ఫిఫ్త్ వీల్ అనే మాట మా ఇంట్లోకి అప్పుడే వచ్చింది. మామూలు ట్రైలర్‌ని బండి బంపర్ కింద కొక్కేనికి తగిలిస్తారు. ఇది అలా కాదు. ట్రక్కు వెనక తొట్టిలో, సరిగ్గా ఇరుసు మీద, తాంబాళమంత ఇనప పళ్ళెం బిగిస్తారు. ట్రైలర్ ముక్కు వచ్చి దాని మీద కూర్చుంటుంది. లోపల వంటగది, పడకగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. ఇక తిరగలేమని అమ్మేస్తున్న ఒక వృద్ధ జంట దగ్గర ముప్ఫై నాలుగు అడుగులది చూశాం. మర్నాడే కొనేశాం. తొందర నాదే. మా ఆయనకు అప్పటికే ఒక పికప్ ట్రక్కు ఉంది.

"పదమూడు వేల పౌండ్లు గుంజుతదని బ్రోషర్ల రాసుంది. మనది పన్నెండు వేలే. ఏం గాదు," అన్నాడు. ఆయనది కరీంనగర్. ఏ చిక్కు వచ్చినా ఆ నోట ముందు వచ్చే మాట అదే.

నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నాడు. అమ్మ పోయిన రెండో ఏడు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాడు. మాది సాలూరు. నాన్న ముప్ఫై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడు. సాలూరు ఘాట్ ఎక్కి, ఒడిశా దాటి రాయపూర్ వెళ్ళి రావడం ఆయన జీవితం. కాపెల్‌లో ఆయనకు నడపడానికి ఏమీ లేదు. పొద్దున్నే లేచి వీధి చివరి దాకా వెళ్ళి, ఎవరి డ్రైవ్‌వేలో ఏ బండి ఉందో చూసి వచ్చేవాడు. పదింటికి మళ్ళీ వెళ్ళేవాడు. నాలుగింటికి మళ్ళీ. మేమిద్దరం ఇంట్లో ఒకరికొకరం అడ్డం పడుతూ తిరిగేవాళ్ళం.

డెంటన్ దగ్గర, ఆ జంట దాన్ని అద్దెకు నిలిపిన స్టోరేజ్ యార్డ్‌లోంచి ట్రైలర్‌ని బయటికి తీసి, గంట దూరంలో లేక్ పక్కన, ఇలాంటి ఇంటిబళ్ళు నిలిపే ఆర్వీ పార్క్‌లో పెట్టడం మా మొదటి ప్రయాణం. తగిలించడం అయ్యాక నాన్న ఇరవై అడుగులు వెనక్కి నడిచి, చేతులు నడుం మీద పెట్టుకుని చూశాడు.

"ఏటమ్మా, బండి ముక్కు పైకెత్తేసింది?"

నిజమే. వెనక భాగం కిందికి కుంగి, ముందు దీపాలు చెట్ల కొమ్మలకేసి చూస్తున్నాయి.

"కొంచెం దిగుతది మామయ్యా, ఏం గాదు," అన్నాడు మా ఆయన.

హైవే ఎక్కిన పది నిమిషాలకు పెద్ద ట్రక్కొకటి పక్క నుంచి దాటింది. మా బండి మొత్తం పక్కకి ఊగి, మళ్ళీ ఇటు ఊగింది. వెనక సీట్లోంచి నాన్న ముందుకు వంగాడు.

"బాబూ, స్టీరింగ్ తేలిపోతుందా?"

మా ఆయన అద్దంలోకి చూశాడు.

"తేలిపోతుందా, నేదా?"

"కొంచెం లైట్‌గా ఉంది."

"అయితే ఆపండి."

ఆపలేదు. పక్కన నేనున్నాను, వెనక మామగారున్నారు. అక్కడ ఆపడం ఆయనకు ఓడిపోయినట్టు అనిపించి ఉంటుంది. హైవే దిగి సర్వీస్ రోడ్డులోకి వస్తున్నప్పుడు కింద సిగ్నల్ ఎర్రబడింది. బ్రేక్ నొక్కాడు. బండి ఆగలేదు. వెనక నుంచి ఎవరో రెండు చేతులతో నెడుతున్నట్టు ట్రైలర్ మమ్మల్ని తోసుకుంటూ పోయింది. గీత దాటి, కూడలి మధ్యలో ఆగాం. కుడి నుంచి వస్తున్న చిన్న కారు నా కిటికీకి ఎదురుగా, పక్కకి తిరిగి ఆగింది. అందులో ఉన్నామె ముఖం నాకు ఇంకా కనిపిస్తుంది. తిట్టలేదు. నోరు తెరిచి అలాగే చూసింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కూడలి దాటాక మా ఆయన బండిని రోడ్డు పక్కకి తీశాడు. నాన్న చాలా మెల్లగా, "ముందు కాటా ఏయించండి బాబూ," అన్నాడు.

పెద్ద ట్రక్కులు ఆగే చోట తూకం వేసే కాటా ఉంటుంది. అక్కడికి వెళ్ళాం. చీటీ వచ్చింది. ట్రక్కు వెనక ఇరుసు మోయగలిగినదాని కన్నా దాదాపు వెయ్యి పౌండ్లు ఎక్కువ ఉంది. మా ఆయన ఆ చీటీని రెండు సార్లు చదివి, "బ్రోషర్ల పదమూడు వేలని ఉంది గదా," అన్నాడు, నాతో కాదు, చీటీతో.

"లాగడం ఏరు, మొయ్యడం ఏరు బాబూ," అన్నాడు నాన్న. "ఇంజిన్ లాగుతాది. మోసేది ఎనక ఇరుసు."

డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే చట్రం మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ బండి మనుషులతో, సామానుతో కలిపి ఎంత మొయ్యగలదో దాని మీదే ఉంటుంది. మేము రెండేళ్ళుగా రోజూ ఆ తలుపు తీస్తున్నాం. ఒక్కసారీ చదవలేదు. ట్రైలర్ ముక్కు ఒక్కటే ఇరవై నాలుగు వందల పౌండ్లు తూగింది. స్టిక్కర్ మీద పదహారు వందలు అని ఉంది.

ఆ మధ్యాహ్నం వేరే ట్రక్కును పిలిపించి ట్రైలర్‌ని యార్డ్‌కి వెనక్కి పంపేశాం.

మర్నాటి నుంచి ట్రక్కుల వేట. నాకు రాత్రికి రాత్రే అయిపోవాలి. లంచ్ టైమ్‌లో ఒక డీలర్, సాయంత్రం ఇంకొక డీలర్. ఫోన్‌లో ఇరవై పేజీలు తెరిచి ఉండేవి, ఒకటి చదువుతూ ఇంకొకటి తెరిచేదాన్ని. మా ఆయన ఏ బండి దగ్గరా మాట్లాడేవాడు కాదు. టైర్లు చూసి, ఆకాశం చూసి నిలబడేవాడు. మూడో రోజు ఒక సేల్స్‌మన్, మా దానికన్నా ఒక మెట్టు పెద్ద ట్రక్కు చూపించి, ఇదైతే మీ ట్రైలర్ ఉన్నట్టే తెలియదన్నాడు. తెల్లగా మెరుస్తోంది. నేను పేపర్లు తెమ్మన్నాను.

నాన్నకు ఇంగ్లిష్ రాదు, అంకెలు వచ్చు. మేము మాట్లాడుతుండగానే తలుపు తీసి, స్టిక్కర్ దగ్గర వేలు పెట్టి నన్ను పిలిచాడు. "ఇరవై మూడు వందలేనమ్మా. ముక్కు బరువుకే సాలదు. మనం ముగ్గురం ఎక్కడ కూకుందుం?"

సేల్స్‌మన్ నవ్వి, అందరూ ఇలాగే లాగుతారు అన్నాడు. నేను అది తెలుగులో చెప్పాను. నాన్న ఆయన వంక చూసి బుద్ధిగా తల ఊపాడు, తరవాత తలుపు మూసేశాడు.

కారులో నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీకు ఇక్కడి బళ్ళ గురించి ఏం తెలుసు? ప్రతిదానికీ వద్దంటే ఎప్పటికి కొంటాం?"

"ఎనక నాలుగు సక్రాలున్నది తీసుకో. అప్పుడు వద్దనను."

"అది మన గరాజ్‌ల పట్టది మామయ్యా. నేను ఆఫీస్‌కి ఏసుకపోవాలె," అన్నాడు మా ఆయన. మూడు రోజుల్లో అదే ఆయన మొదటి అభిప్రాయం.

ఆ శనివారం తూర్పు వైపు రెండు గంటలు డ్రైవ్ చేసి ఒక రాంచ్‌కి వెళ్ళాం. డెబ్భై ఐదేళ్ళాయన, ఆవుల్ని అమ్మేసి, వాటికి గడ్డి మోసిన ట్రక్కును కూడా అమ్ముతున్నాడు. వెనక నాలుగు చక్రాలు. నాన్న దాన్ని చూడగానే చెప్పులు విడిచి, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి లోపలికి తొంగి చూశాడు. ఆ ముసలాయన నాన్న చేతులు చూశాడో, ఆ ఎక్కిన తీరు చూశాడో, మీ నాన్నగారు డ్రైవరా అని నన్నడిగాడు. అవునన్నాను. ఇది నా పొలం, రోడ్డు కాదు, నడపమను అని తాళం ఇచ్చేశాడు. వెనక గడ్డి ట్రైలర్ తగిలించే ఉంది.

నాన్న ఎక్కి కూర్చుని, కుడి చేతిని కుడి తలుపు వైపు చాచాడు. అక్కడ తలుపు లేదు, పక్క సీటు ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కుడి పక్క కూర్చున్నవాడు. నవ్వుకున్నాడు. ముందుకు బాగానే వెళ్ళాడు. గడ్డి షెడ్డులోకి వెనక్కి పెట్టమని ముసలాయన చేత్తో చూపించాడు. నాన్న వెనక్కి తెచ్చాడు. ట్రైలర్ వంకరపోయి, ట్రక్కు మూలకు తగలబోయింది. ఆపాడు. దిగి, తల వంచుకుని చక్రాలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను వెళ్ళబోతే మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. ఆయన్ని చేసుకోనీ."

నాన్న మళ్ళీ ఎక్కాడు. ఈసారి ముందు అద్దాలు రెండూ సర్దుకున్నాడు. అంగుళం అంగుళంగా, రెండు సార్లు ముందుకు వెళ్ళి సరిచేసుకుని, షెడ్డులో పెట్టేశాడు. ముసలాయన టోపీ తీసి ఊపాడు. నాన్న ముఖం అమ్మ పోయాక అలా వెలగడం నేను చూడలేదు. ఈ ట్రక్కే కొనేయాలని అక్కడికక్కడే అనుకున్నాను.

నాన్న దిగి, నేల మీద వెల్లకిలా పడుకుని బండి కింద దూరాడు. చాలాసేపు ఉన్నాడు. చొక్కా దులుపుకుంటూ వచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"ఇది వద్దమ్మా. ఛాసిస్‌కి అతుకేసినారు."

"నాన్నా, నీకు నచ్చింది కదా."

"నాకు నచ్చితే ఏటి? దాంట్లో ఎక్కీది మీరు."

ముసలాయనను అడిగితే, అవును, చాలా ఏళ్ళ కిందట విరిగితే వెల్డింగ్ చేయించాను, అడిగితే చెప్పేవాణ్ణే అన్నాడు. కోపం తెచ్చుకోలేదు. వెళ్తుంటే నాన్న రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఇద్దరూ తమ తమ భాషల్లో ఏదో చెప్పుకున్నారు.

చివరికి ట్రక్కును ఎంచింది మా ఆయన. ఫోర్ట్ వర్త్ అవతల ఒక చిన్న డీలర్ దగ్గర, వెనక రెండు చక్రాలదే కాని, బరువు మోసే జాతిది, డీజిల్‌ది. ఈసారి ఆయనే ముందు తలుపు తీసి స్టిక్కర్ చదివాడు. ముప్ఫై ఎనిమిది వందలు. కాగితం మీద ట్రైలర్ ముక్కు బరువు, ఇనప పళ్ళెం బరువు, మా ముగ్గురి బరువు, నా పచ్చడి జాడీలతో సహా సామాను, అన్నీ వేసి కూడాడు. ఇంకా ఐదు వందల పైగా మిగిలింది. కాగితాన్ని మామగారి చేతికిచ్చి నిలబడ్డాడు. నాన్నకు ఇంకా నాలుగు చక్రాల మీదే మనసు. కాగితం చూసి, బండి చూసి, "లెక్క సరిపోయినాది. తీసుకోండి బాబూ," అన్నాడు.

అక్టోబర్‌లో న్యూ మెక్సికో వెళ్ళాం. క్లౌడ్‌క్రాఫ్ట్ కొండ మీది నుంచి అలమగోర్డోకి దిగే రోడ్డు పదహారు మైళ్ళూ వాలే. ఆ రోజు డ్రైవింగ్ నాది. పక్కన నాన్న. దిగడం మొదలవ్వగానే ఆయన అక్కడ లేని బ్రేక్‌ని కుడి కాలితో నొక్కడం మొదలుపెట్టాడు.

"గేరు దించు. ఇంకా దించు. బ్రేక్ మీద కాలుంచకు, నొక్కి ఒదిలీ."

"ఇంజిన్ బ్రేక్ ఆన్‌లో ఉంది నాన్నా, అదే పట్టుకుంటుంది."

"దాన్ని నమ్మకు. నువ్వు పట్టుకో."

ఇంజిన్ గుర్రుమంటూ మమ్మల్ని నెమ్మదిగా దించింది. సొరంగం దాటాక కింద ఎడారిలో తెల్ల ఇసుక చార కనిపించింది. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకున్నాయి. నా చొక్కా మాత్రం వీపుకి అంటుకుపోయింది.

ఆర్వీ పార్క్‌లో ఆగగానే నాన్న దిగి, ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి చేత్తో తడిమి చూశాడు. ట్రైలర్ కుడి పక్క వెనక చక్రం దగ్గర వేడికి చెయ్యి చటుక్కున వెనక్కి తీశాడు. బ్రేక్ పట్టేసి వదలడం లేదు. మెకానిక్ వచ్చి చూసి, పార్ట్ రావాలి, రెండు రోజులు పడుతుందన్నాడు.

ఆ రెండు రోజులూ మాకు గడవడం కష్టమైంది. మా ఆయన ఒక్కడే కుర్చీ వేసుకుని హాయిగా కూర్చున్నాడు. నేను పార్క్ చుట్టూ తిరిగాను. నాన్న ఎదురు దిక్కులో తిరిగాడు. రెండో సాయంత్రం ఇద్దరం నీళ్ళ కుళాయి దగ్గర ఎదురుపడ్డాం.

"నాన్నా, చిన్నప్పుడు నువ్వు ఇంట్లో రెండు రోజులు కూడా ఉండేవాడివి కాదు. కిరాయిలు అంత ఎక్కువగా ఉండేవా?"

ఆయన కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. "కిరాయి నేకపోయినా ఎళ్ళిపోయేవోణ్ణి. రాయపూర్‌లో కాళీగా పడుండేవోణ్ణి. ఇంటికాడ మీ అమ్మ బాగానే సూసుకునేది. నాకే ఊపిరాడేది కాదు."

నా చిన్నతనమంతా, మా కోసమే ఆయన అలా కష్టపడుతున్నాడని అమ్మ చెప్పేది. స్కూల్లో ఎవరైనా అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. ఇప్పుడు కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. కాని నేను ఆ సాయంత్రం అప్పటికే పార్క్ చుట్టూ పదకొండో సారి తిరుగుతున్నాను.

"అమ్మకి తెలుసా?"

"తెలవకేం. తనే అన్నం డబ్బా కట్టి పంపేది."

తరవాత ఇద్దరం ఒకే దిక్కులో నడిచాం. ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఫోన్ మోగింది. పార్ట్ వచ్చింది, పొద్దున ఎనిమిదింటికి బిగిస్తానన్నాడు మెకానిక్. నాన్న అప్పుడే వెళ్ళి ట్రైలర్ మెట్లు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, ఈ రాత్రి మనం పండుకునేది అండ్లనే గదా," అన్నాడు మా ఆయన.

నాన్న మెట్లు మళ్ళీ కిందికి దించాడు. లోపలికి మాత్రం వెళ్ళలేదు. పొద్దున మేము లేచేసరికి ట్రక్కు పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.